డబల్ ఎల్లో చూపించే ఫోను

మా ఊళ్లో అన్నిటికంటే ఖరీదైన ఫోనును చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది నా కంటికి ఆనదు" అని వెనక్కి ఇచ్చేసిన మొనగాణ్ని నేనొక్కణ్నే. ఆ మాటకి షోరూములో ఉన్న జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అద్దాల గదిలో కూర్చున్న మేనేజరు కూడా లేచాడు. గుమ్మం దగ్గర కాపలావాడు సెల్యూట్ కొట్టినంత పని చేశాడు. ఈ సంగతి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, అంటే బెంగాల్‌లో మా తెలుగు రైల్వేవాళ్ల పేటలో, వీధివీధికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడ్డవాళ్లు కొంచెం పెరుగుతూ వచ్చారు. మొన్న చర్చి మెట్ల మీద చెప్పినప్పుడైతే చప్పట్లు కూడా వినబడ్డాయి.

నేను రైలు డ్రైవర్ని. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. మా కాలంలో ఆ పేరూ లేదు, ఆ జీతమూ లేదు. గూడ్సుతో మొదలుపెట్టి మెయిలు దాకా వచ్చి రిటైరయ్యాను. డ్రైవరుకి చదువు తక్కువైనా పనైపోతుంది, బుద్ధి తక్కువైనా చాలామంది నెట్టుకొచ్చారు. కళ్లు తక్కువైతే మాత్రం ఇంజను ఎక్కనివ్వరు. నా కళ్లు ఎప్పుడు పరీక్ష చేసినా ఏ-వన్. మా స్టేషను ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైనదని మీరు వినే ఉంటారు. దాని ఈ చివర నిలబడి, ఆ చివర మట్టిముంతలో టీ తాగేవాడి టీ మీద మీగడ కట్టిందో లేదో చెప్పేసేవాణ్ని.

సరే. ఆ చివర కాదు, నడిమధ్యలో పుస్తకాల దుకాణం దగ్గర. టీ తాగేవాడు మా అసిస్టెంటే. వాడికి మీగడంటే వాంతి. మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది.

ఇంజనులో మాకో పద్ధతి ఉంది. సిగ్నలు కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి అరిచి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్లతో తానూ చూసి, అదే మాట తిరిగి అనాలి. "గ్రీన్!" అంటే "గ్రీన్!" అని. రెండో గొంతు పలక్కపోతే మొదటివాడు చూసింది చూసినట్టు కాదు. బతుకంతా ఇలా అరిచీ అరిచీ, రిటైరయ్యాక కూడా మాకు నోరు ఊరుకోదు. అందుకే పూరీ గేట్ అనే రైలు గేటు దగ్గర టీ దుకాణం వెనకాల, రైల్వే కంచెని ఆనుకుని ఉన్న సిమెంటు దిమ్మ మీద సాయంత్రం పూట చేరతాం. దూరంగా సిగ్నలు కనబడుతుంది. ఒకడు అరుస్తాడు, ఇంకొకడు తిరిగి అంటాడు.

ఆ దిమ్మకి ఒక చివర మురుగుకాలవ వాసన, రెండో చివర టీ పొయ్యి పొగ. నడుమన మాత్రం గాలి, చూపుకి తిన్నగా సిగ్నలు. దాన్ని డ్రైవరు సీటు అంటాం. అరవడం అక్కడ కూర్చున్నవాడి హక్కు. కళ్లు తప్పినవాడు లేచి కాలవ వైపుకి పోవాలి. రిటైరైన నాటినుంచీ ఆ సీటు నాది. దానిమీద ఒక గార్డు కన్నేశాడు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఆయన ఆంజనేయస్వామికి అప్పాలు వేస్తాడు, నేను ఆదివారం చర్చికి పోతాను. అయినా బావా అంటే బావా అనుకుంటాం. బావ కాకపోతే అన్ని మాటలు అనుకోలేం కదా. డ్రైవరు ముందుకి చూస్తాడు. గార్డు బతుకంతా రైలు చివర పెట్టెలో కూర్చుని, దాటిపోయినవాటిని చూస్తాడు. అలాంటివాడు నా సీటు అడగడం ఏమిటి?

ఒక సాయంత్రం నేను "ఎల్లో!" అని అరిచాను. తిరిగి అనాల్సిన గార్డు అనలేదు.

"బావా, ఒకటి కాదు, రెండున్నాయి. ఇంకోపాలి సూడు," అన్నాడు.

సింగిల్ ఎల్లో అంటే ముందు ఆగాల్సి రావచ్చు, సిద్ధంగా ఉండమని. డబల్ ఎల్లో అంటే జాగ్రత్తగా సాగిపొమ్మని. రెంటికీ చాలా తేడా ఉంది. నేను కళ్లు చికిలించి చూశాను. రెండు పసుపు లైట్లూ కలిసి ఒక్క ముద్దయి, చుట్టూ బూరు వేసుకుని కనబడ్డాయి.

"ఒక్కటే బావా. గాలికి ఊగి నీకు రెండులా కనబడతంది."

"సిగ్నల్ స్తంభం ఊగడమేటి? అదేటి కొబ్బరిసెట్టా?"

దిమ్మంతా నవ్వింది. ఆ రోజుకి ఎలాగో బొంకాను. మర్నాటినుంచి మా ఆవిణ్ని తోడు తెచ్చుకున్నాను. ఆవిడకి సుగరు ఉంది, నడవాలి, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పక్కన కూర్చుని, కొంగు చాటునుంచి ఒకటి గిల్లితే ఎల్లో, రెండు గిల్లితే డబల్ ఎల్లో. డ్రైవరు పెళ్లానికి సిగ్నళ్లు ఒకరు నేర్పాలా? కొన్నాళ్లు మళ్లీ ఏ-వన్ అయిపోయాను. జబ్బ మాత్రం కమిలిపోయింది, ఆవిడకి పాత కోపాలు కొన్ని ఉన్నట్టున్నాయి.

గార్డు తక్కువవాడు కాదు. వెనకనుంచి చూడటం అలవాటైన మనిషి, కొంగు కదలడం పట్టేశాడు.

"సెల్లెమ్మా, నువ్విలగ వచ్చి కుర్సీలో కూకో. నీ సెయ్యి బావ జబ్బకి దూరమైతేగాని ఆయన కళ్లు పనిసేస్తన్నాయో లేదో తెలవదు," అని ఆవిణ్ని టీ దుకాణం ముందుకి పంపేశాడు. నాతో అన్నాడు: "బావా, దసరా పూజలొచ్చేలోగా కళ్లు బాగు సేయించుకో. నేదంటే పూజలనుంచి నడిమి సీటు నాది. నువ్వు కాలవ పక్కన కూకుని మా గొంతు ఇనుకో."

కంటి డాక్టరు చూసి, రెండు కళ్లకీ శుక్లాలు ముదిరాయన్నాడు. ముందు కుడికన్ను, చిన్న ఆపరేషను, సాయంత్రానికి ఇంటికి పోవచ్చన్నాడు. "పూజలయ్యాక చూద్దాం," అన్నాను. ఝాడ్‌గ్రామ్ దాటాక పట్టాల మీద ఏనుగు నిలబడితే బండి ఆపి, దాని కళ్లలోకి చూస్తూ బీడీ వెలిగించినవాణ్ని నేను. (బీడీ వెలగలేదు. అగ్గిపుల్లలన్నీ కింద పడిపోయాయి.) కానీ కన్ను తెరిచి ఉంచి, మనిషి మెలకువగా ఉండగా, దాంట్లోకి కత్తి తెస్తారంటే నాకు ఆ ఏనుగే నయమనిపించింది. ఆ మాట ఎవరితో అంటాను?

అప్పుడే టీవీలో ఆ ఫోను కనబడింది. ఆకాశంలో చంద్రుడికి ఎక్కుపెడితే అక్కడి గుంటలు కూడా కనబడుతున్నాయి. చంద్రుడి గుంటలు చూపించేదానికి పూరీ గేట్ సిగ్నలు ఒక లెక్కా? ఎలాగూ కొత్త అద్దం పెట్టించుకోవాలి. కంట్లో పెట్టించుకునే బదులు జేబులో పెట్టుకుంటే కత్తితో పనిలేదు. ఇంత తెలివైన ఆలోచన నాకు తప్ప ఇంకెవరికీ రాలేదు. ఎందుకు రాలేదో తరవాత తెలిసింది.

గోల్‌బజారులో షోరూముకి ఇద్దరం వెళ్లాం. అక్కడ ఫోన్లు చూపించే అమ్మాయి మా సెటిల్‌మెంట్ పిల్లే. చర్చిలో మా ఆవిడ వెనక వరసలో నిలబడి పాడుతుంది.

"తాతా, ఇది టాప్ మోడల్. కెమెరా సూడండి, వంద రెట్లు జూమ్. మామ్మా, మీరూ సూడండి."

అమ్మాయి ధర చెప్పింది. మా ఆవిడ ఫోను వెనకా ముందూ చూసింది. తరవాత నెమ్మదిగా అడిగింది: "దీంతోపాటు ఇంజను కూడా ఇస్తారేటమ్మా?"

నేను వినిపించుకోలేదు. లోపల గోడలు చూస్తే కెమెరా సత్తా ఏం తెలుస్తుంది? ఫోను పట్టుకుని వీధి అవతలి బోర్డు చదువుదామని గుమ్మం వైపు నడిచాను. బల్లకీ ఫోనుకీ మధ్య సన్నటి తీగ ఉందని నాకేం తెలుసు? అసలు నా జబ్బే అది కదా, సన్నవి కనబడకపోవడం. ఆ తీగ బిగుసుకుని ఊడింది. షోరూమంతా సైరను మోగింది. జనం లేచి నిలబడ్డారు. మేనేజరు లేచాడు. కాపలావాడు చెయ్యెత్తింది సెల్యూట్‌కి కాదు, నా కాలరు పట్టుకోవడానికి. అప్పుడు నేను అన్న మాట "ఇది నా కంటికి ఆనదు" అని కాదు. "నేను కాదు బాబూ, నేను కాదు!" అన్నాను.

మా ఆవిడ అమ్మాయి చేతికి ఫోను ఇప్పించి అంది: "ఫోన్ని కట్టడం కాదమ్మా, ఇలాంటోళ్లని కట్టాలి."

ఆ అమ్మాయికి జాలేసిందో, బేరం పోతుందనిపించిందో గాని, ఇళ్లకి తీసుకెళ్లి చూపించడానికి షాపువాళ్లు ఇచ్చే ఫోను ఒకటి ఉందని, ఆదివారం ప్రార్థన అయ్యాక పూరీ గేట్‌కి తెస్తానని చెప్పింది. "అక్కడే సూసుకుని తీసుకోండి తాతా. నచ్చకపోతే ఒగ్గేయండి."

ఆ ఆదివారం దిమ్మ దగ్గరికి పెళ్లికొచ్చినట్టు వచ్చారు జనం. గార్డు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మా ఆవిడ దూరంగా కుర్చీలో కూర్చుంది, చేతులు రెండూ ఒళ్లో అందరికీ కనబడేలా పెట్టుకుని. నేను నడిమి సీట్లో కూర్చుని ఫోను ఎత్తాను. అమ్మాయి వేళ్లతో లాగి పెద్దది చేసింది. అబ్బ! పసుపు లైట్లు ఒక్కొక్కటి బత్తాయంత, ఒకటి పైన, ఒకటి కింద, నడుమ చీకటితో సహా కనబడ్డాయి.

"డబల్ ఎల్లో!" అని అరిచాను. టీ పొయ్యి దగ్గర కుక్క లేచిపోయింది.

గార్డు మొహం ముడుచుకున్నాడు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అదీ పద్ధతి. "డబల్ ఎల్లో," అన్నాడు, చేదుమాత్ర మింగినట్టు.

ఆ క్షణంలో ధర ఎంతైనా కొనేద్దామనే నిశ్చయించుకున్నాను. మా ఆవిడ వైపు చూసి మీసం కూడా దువ్వాను. బండి దాటిపోయింది. కాసేపటికి సిగ్నలు మారింది. నేను మళ్లీ ఫోను ఎత్తాను. తెర మీద పచ్చలైటు కనబడింది, కానీ నిలకడగా లేదు. వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది.

ఇక్కడ మా రూలు ఒకటి చెప్పాలి. సిగ్నలు లైటు ఇలా మినుకుమినుకుమంటే, ఏ రంగు కనబడినా దాన్ని నమ్మకూడదు. ఎర్రలైటు కిందే లెక్క వేసుకుని బండి ఆపాలి. మా నరాల్లోకి ఇంకిపోయిన రూలు అది. అటునుంచి ఒక గూడ్సు దూసుకొస్తోంది. నాకు వయసు గుర్తులేదు, రిటైరైన సంగతి గుర్తులేదు.

"బాబింగ్ సిగ్నల్! రెడ్ లెక్క! డేంజర్! డేంజర్!" అని లేచి, కంచె పట్టుకుని, రెండు చేతులూ తలమీదకెత్తి నిలబడ్డాను. బండిని ఆపమని చేసే సైగ అది. ఒక చేతిలో ఫోను తళతళలాడుతోంది. నా వెనకాల, అలవాటు కొద్దీ, ఇద్దరు ముసలి డ్రైవర్లు కూడా చేతులెత్తేశారు.

గూడ్సు ఆగలేదు. ఇంజనులో కుర్ర డ్రైవరు మమ్మల్ని చూసి, ముసలాళ్లు ముచ్చటపడుతున్నారనుకున్నాడు కాబోలు, నవ్వుతూ టాటా చెప్పి వెళ్లిపోయాడు.

"గ్రీన్," అన్నాడు గార్డు, వెనకనుంచి తాపీగా. "నిలకడగా ఉంది, పచ్చిమిరపకాయలాగ. ఏటి బావా, సేతులు దింపవేటి? దొంగల్ని పట్టుకున్నట్టుంది."

అమ్మాయి ఫోను తీసుకుని చూసి నాలిక కరుచుకుంది. "తాతా, అది సిగ్నల్ తప్పు కాదు. ఎల్‌ఈడీ లైట్లు కెమెరాలో ఒక్కోపాలి అలగే మినుకుతాయి. సెట్టింగ్ మారిస్తే తగ్గిపోద్ది."

"సెట్టింగ్ మార్చుకునేలోపు బండి హౌరా సేరిపోద్దమ్మా," అన్నాడు గార్డు.

నేను ఒప్పుకోలేదు. ఫోను మంచిదే, సెట్టింగే చెడ్డది అన్నాను. అమ్మాయితో కలిసి సెటిల్‌మెంటుకి నడిచి వెళ్తూ కూడా, సెట్టింగ్ మార్చిన ఫోనును కళ్లకి అడ్డంగా పట్టుకుని, దాంట్లో చూస్తూ నడిచాను. "చూడు, ఎంత స్పష్టంగా ఉందో" అని మా ఆవిడకి చెబుతూ రోడ్డు దాటబోయాను. ఫోను తిన్నగా చూస్తోంది. టోటో అనే బ్యాటరీ రిక్షా పక్కనుంచి వచ్చింది. మా ఆవిడ చొక్కా పట్టి వెనక్కి లాగకపోతే ఈ రచన ఇంకెవరో రాయాలి.

"ఓ దాదూ! మోబైల్‌టా రాఖో!" అని, ఫోను పక్కన పెట్టమని బెంగాలీలో తిట్టుకుంటూ పోయాడు టోటోవాడు.

మా ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసి అమ్మాయికి ఇచ్చేసింది. ఇంకో చేత్తో పట్టుకున్న నా చొక్కా మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చి అన్నం పెట్టింది. చేపల పులుసు. నేను ఇంకా ఫోను గురించే ఆలోచిస్తున్నానని ఆవిడకి తెలుసు.

"ఆ ఫోన్లో సేపముళ్లు ఏరే యాప్ ఉందేటి?" అంది.

"అదేం మాట?"

"ఇన్నాళ్లూ మీ కంసంలో ముక్కకి ముళ్లెవరు తీస్తన్నారనుకున్నారు?"

నేను ముద్ద దగ్గరే ఆగిపోయాను. బెంగాల్ చేపలకి ఈమధ్య ముళ్లు తగ్గిపోయాయని, ఇదంతా కొత్తరకం చెరువుల మహిమ అని, నేను దిమ్మ మీద ఒక ఉపన్యాసమే ఇచ్చి ఉన్నాను. గార్డు కూడా తలూపాడు.

"మీ సీటు పోతే పోనీండి," అంది ఆవిడ. "కాలవ పక్కన కూకుంటే సచ్చిపోరు. నేనొకరోజు పక్కన లేనప్పుడు ఆ రోడ్డు ఎలగ దాటతారు? అదీ నా బయం. జేబులోంచి తీసి, వేళ్లతో లాగి, సెట్టింగ్ మార్సి, అప్పుడు దాటతారా?"

చేప చల్లారిపోయింది. "నాకు కత్తంటే భయమే," అన్నాను. అంత చిన్న గొంతుతో నేను ఏ సిగ్నలూ చెప్పలేదు.

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదేటి. చంద్రుడు, గుంటలు అని ఎందుకీ తిరుగుడంతా?" అని, ముల్లు తీసిన ముక్క నా వైపు జరిపింది.

ఆపరేషను గురించి కూడా నేను చాలా రకాలుగా చెప్పాను. జరిగింది ఇది. డాక్టరు "పైకి చూడండి" అన్నాడు. నేను "పైకి చూడండి!" అని అరిచాను. "లైటు వైపే చూడండి" అన్నాడు. "లైటు!" అని అరిచాను. "కదలకండి" అన్నాడు. "కదలకండి!" అన్నాను. డాక్టరు నర్సు వైపు చూసి, పెద్దాయన రన్నింగ్ స్టాఫా, అంటే రైలు నడిపినవాడా, అని అడిగాడట. కత్తి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. తిరిగి చెప్పే హడావిడిలో భయపడటం మరిచిపోయాను.

కట్టు విప్పాక మొట్టమొదట చూసింది పరామర్శకి వచ్చిన గార్డు జుట్టు. నల్లరంగు అనుకుని ఆయన ఇన్నాళ్లూ వేసుకుంటున్నది ఇటుకరంగు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. సీటు గొడవ మళ్లీ వస్తే పనికొస్తుంది.

ఫోను కొనలేదు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకోకూడదని ఒక తోలు కవరు కొన్నాను. నా బటన్ల ఫోను దాంట్లో వేస్తే తెప్పలా తేలుతోంది. మందులు కూడా దాంట్లోనే పెడుతున్నాను.

పూజలు ఇంకా మొదలుకాక ముందే, పందిళ్లకి వెదుళ్లు దింపుతున్న రోజుల్లోనే, దిమ్మ దగ్గరికి వెళ్లాను. నల్లద్దాలు పెట్టుకుని, ఇంజను ఎక్కినంత ఠీవిగా నడిమి సీట్లో కూర్చున్నాను. ఆపరేషనైన మనిషి గనక మా ఆవిణ్ని పక్కన కూర్చోనిచ్చారు. సిగ్నలు పడింది. కెమెరా లేదు, సెట్టింగ్ లేదు, దేవుడిచ్చిన కన్ను, డాక్టరు పెట్టిన అద్దం. "డబల్ ఎల్లో!" అన్నాను. "డబల్ ఎల్లో," అన్నాడు గార్డు. సీటు నాదే. ఖరీదైన ఫోను కొనాలా వద్దా అని అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇదే: ముందు సొంత కళ్లని నమ్ముకోండి.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. వంకాయలు తరుగుతూ మొత్తం వింది. సైరను దగ్గర నవ్వింది. చివరికొచ్చేసరికి కత్తిపీట మీంచి చెయ్యి తీసింది.

"సొంత కళ్లేటి? ఆ రోజు మీరు పెట్టుకున్నయి ఆసుపత్రోళ్లిచ్చిన నల్లద్దాలు. వాటిలోంచి మీకు గార్డన్నయ్య మొకమే ఆనలేదు, ఆయన టీ అందిస్తే టీ కొట్టోడనుకుని వద్దు పొమ్మన్నారు. డబల్ ఎల్లో అని రెండుపాల్లు గిల్లింది నేను. జబ్బ సూసుకోండి, ఇంకా మచ్చుంటాది. తరవాత రోజునుంచి మీరు సూసినారు, కాదన్ను. ఆ రోజు సూసింది మాత్రం నేను, తిరిగి అన్నది మీరు. రూలు ప్రకారం డ్రైవరు సీటు నాది."